కిలో ఇనుము, కిలో అల్యూమినియం: వేడి లెక్కల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో లోహాల విశిష్టోష్ణాల (ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి) పట్టిక ఇచ్చాం. దాని మీద ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఆ సంచిక దగ్గర లేనివారి కోసం అంకెలు మరోసారి: ఒక గ్రాము లోహం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కడానికి అల్యూమినియం అయితే 0.90 జౌళ్లు (జౌలు అంటే వేడిని కొలిచే ప్రమాణం), ఇనుము 0.45, రాగి 0.385, ఇత్తడి 0.38, సీసం 0.13 తీసుకుంటాయి. నీళ్లు 4.18 తీసుకుంటాయి.

ప్రశ్న: మా ఇంట్ల జొన్నరొట్టెలకు అత్తమ్మ కాలం నాటి మందపాటి ఇనుప పెంక ఉంది. ఇనుము వేడి పట్టి ఉంచుతదని అందరంటరు. మా పాప పదో తరగతి పుస్తకంల మాత్రం అల్యూమినియం విశిష్టోష్ణం ఇనుముకు రెండింతలు అని ఉంది. మరి అల్యూమినియం పెంకనే మంచిదా? – ఒక గృహిణి, నారాయణపేట

జవాబు: పుస్తకం తప్పు కాదు, మీ అత్తమ్మ మాటా తప్పు కాదు. పుస్తకం గ్రాముల లెక్క చెబుతోంది. మీ పొయ్యి మీద ఉన్నది గ్రాము కాదు, మొత్తం పెంక. రెండు పెంకలనూ కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూడండి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇనుప పెంక 1.8 కిలోలు తూగిందనుకుందాం. 1,800ను 0.45తో గుణిస్తే 810. అంటే ఆ పెంక ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 810 జౌళ్లు కావాలి. బజారులో దొరికే పలచటి అల్యూమినియం పెంక 550 గ్రాములు ఉంటే, దానికి 550 × 0.90, అంటే 495 జౌళ్లు చాలు. విశిష్టోష్ణంలో అల్యూమినియం గెలిచింది, తూకంలో ఓడింది. రొట్టెకు పనికొచ్చేది ఈ రెండిటి గుణకారమే.

ఒకే అచ్చులో, ఒకే మందంతో రెండూ చేయించినా ఇనుముదే పైచేయి. ఘన సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములే. ఆ లెక్కన ఘన సెంటీమీటరుకు ఇనుము 3.5 జౌళ్లు పడుతుంది, అల్యూమినియం 2.4. రాగి దాదాపు ఇనుముతో సమానం, 3.45. సీసం అన్నిటికన్నా బరువైనా 1.5 దగ్గరే ఆగిపోతుంది. బరువైన లోహమైతే వేడి ఎక్కువ దాచుకుంటుందన్న మాటను సీసం ఒక్కటే కొట్టిపారేస్తుంది.

ఇక రొట్టె సంగతి. పెంక మీద వేశాక పైన తడి చేత్తో నీళ్లు రాస్తారు కదా, అది పెంకకు అసలు పరీక్ష. రొట్టె తిప్పాక ఆ తడి ఆవిరి కావాలి. 10 గ్రాముల నీళ్లు 30 డిగ్రీల నుంచి మరిగి ఆవిరైపోవడానికి సుమారు 25 వేల జౌళ్లు ఖర్చు. మంట నుంచి కొత్త వేడి అందేలోపు ఆ ఖర్చంతా పెంకే పెట్టుకుంటే మీ ఇనుప పెంక 31 డిగ్రీలు దిగుతుంది, పలచటి అల్యూమినియం పెంక 50 డిగ్రీలు దిగుతుంది. రొట్టె కాలాల్సిన చోట ఉడకడం, పొంగకపోవడం, అంచులు బిరుసెక్కడం ఇందువల్లే. మొదటి రొట్టె బాగా వచ్చి రెండోది, మూడోది పాడవుతున్నాయంటే పెంక మళ్లీ వేడెక్కే వ్యవధి మీరు ఇవ్వట్లేదన్నమాట.

ఇనుప పెంకకున్న చిక్కు కూడా చెప్పాలి. 30 నుంచి 220 డిగ్రీలకు రావాలంటే దానికి లక్షన్నర జౌళ్లు కావాలి. మధ్యస్థ మంట మీద పెంకకు సెకనుకు వెయ్యి జౌళ్లు అందుతాయనుకున్నా రెండున్నర నిమిషాలు, గాలికి పోయేది కలుపుకుంటే మూడు నాలుగు నిమిషాలు. పైగా ఇనుము వేడిని పక్కలకు అల్యూమినియం అంత త్వరగా పంచదు. పెద్ద మంట పెట్టి తొందరపడితే నడుమ మాడి అంచులు చల్లగా ఉంటాయి. సన్న మంట మీద ముందే పెట్టి పిండి కలుపుకోండి. అల్యూమినియమే కావాలంటే కిలో పైన తూగే మందపాటిది కొనండి, తేడా చాలావరకు పోతుంది.

ప్రశ్న: 300 డిగ్రీల వేడి ఉన్న కిలో ఇనుప దిమ్మెను 30 డిగ్రీలున్న కిలో అల్యూమినియం దిమ్మెకు ఆనిస్తే రెండూ 165 డిగ్రీల దగ్గర కలవాలి కదా సార్? మా లెక్చరర్ 120 అన్నారు. – ఇంటర్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: మీ లెక్చరర్ చెప్పిందే సరి. మీరు ఉష్ణోగ్రతలకు సగటు కట్టారు. ఇక్కడ చేతులు మారేది ఉష్ణోగ్రత కాదు, వేడి. ఇనుము వదిలిన జౌళ్లూ అల్యూమినియం తీసుకున్న జౌళ్లూ సమానం కావాలి. చివరి ఉష్ణోగ్రత ‘త’ అనుకుంటే, 450 × (300 – త) = 900 × (త – 30). విప్పితే త = 120. ఇనుము 180 డిగ్రీలు దిగింది, అల్యూమినియం 90 డిగ్రీలే ఎక్కింది. చేతులు మారిన వేడి మాత్రం రెండు వైపులా 81,000 జౌళ్లే.

మీరనుకున్న 165 రావాలంటే ఇనుము 2 కిలోలుండాలి. అప్పుడు రెండు పక్కలా డిగ్రీకి 900 జౌళ్లు అవుతాయి, సగటు పనిచేస్తుంది. అలాగే కిలో రాగికి దీటు రావాలంటే దాదాపు 3 కిలోల సీసం కావాలి.

అల్యూమినియానికే ఎందుకంత ఆకలి అని మీ తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. 1819లో డ్యూలాంగ్, పెటిట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు గమనించిన సంగతి ఇది: విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణిస్తే చాలా ఘన మూలకాలకు దాదాపు ఒకే అంకె వస్తుంది. మన ప్రమాణాల్లో అది 25 జౌళ్ల దగ్గర. అల్యూమినియం 27 × 0.90 = 24.3, ఇనుము 55.85 × 0.45 = 25.1, రాగి 63.5 × 0.385 = 24.5. అంటే వేడిని పంచుకునేవి పరమాణువులు. ఒక్కో పరమాణువు వాటా ఇంచుమించు సమానం. అల్యూమినియం పరమాణువు తేలిక కాబట్టి కిలోలో ఇనుముకన్నా రెండింతలకు పైగా పరమాణువులు పడతాయి. సీసం పరమాణువు బరువు 207, కిలోలో పట్టేవి తక్కువ, వాటా తీసుకునేవాళ్లూ తక్కువే.

ప్రయోగం చేసి చూస్తే మాత్రం 120 రాదు, అంతకన్నా తక్కువే వస్తుంది. రెండు దిమ్మెల ముఖాలు కంటికి నున్నగా కనిపించినా మధ్య గాలి పొర ఉంటుంది. వేడి దాటడానికి నిమిషాలు పడుతుంది, ఆలోపు గాలిలోకి పోయేది పోతుంది. ముఖాలు గరుకు కాగితంతో రుద్ది, బిగించి కట్టి, చుట్టూ గాజు ఊలు చుడితే 120కి దగ్గరగా వెళ్తారు.

ప్రశ్న: మిశ్రమాల పద్ధతిలో పిల్లల చేత విశిష్టోష్ణం కట్టించాం. 200 గ్రాముల ఇనుప తూకం రాయినీ, 200 గ్రాముల సీసపు గుండ్లనూ విడివిడిగా మరిగే నీళ్లలో వేడిచేసి, స్టీలు గ్లాసులోని 150 గ్రాముల నీళ్లలో వేశాం. ఇనుముకు 0.38, సీసానికి 0.19 వచ్చింది. చేసిన పద్ధతి ఒకటే. ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది. ఎందుకని? – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మంచి ప్రశ్న. రెండూ తగ్గి ఉంటే వేడి కారిపోయిందని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లం. ఇక్కడ కనీసం మూడు తప్పులు ఒకదానికొకటి ఎదురు లాగుతున్నాయి.

మొదటిది గ్లాసు. స్టీలు గ్లాసు 100 గ్రాములుంటే దాని వాటా డిగ్రీకి 50 జౌళ్లు. నీళ్ల వాటా 150 × 4.18, అంటే 627. గ్లాసును లెక్కలో కలపకపోతే రెండు లోహాలకూ జవాబు 7 శాతం తగ్గుతుంది. దీన్ని సరిచేయడం తేలిక, గ్లాసును తూచి కలపడమే.

రెండోది తడి. ఇదే మీ సీసాన్ని పైకి లేపింది. మరిగే నీళ్లలోంచి తీసిన లోహం కొంత వేడి నీటిని వెంట తెస్తుంది. నున్నటి ఒక్క రాయికి గ్రాము నీళ్లు అంటుకుంటే, వంద చిన్న గుండ్ల మధ్య సందుల్లో 5 గ్రాములు ఇరుక్కుంటాయి. 5 గ్రాముల నీళ్లంటే డిగ్రీకి 21 జౌళ్లు. 200 గ్రాముల సీసం మొత్తం విలువే డిగ్రీకి 26. అంటే మీరు కొలిచింది సీసాన్నీ, దానికి ఇంచుమించు సమానమైన నీళ్లనూ కలిపి! ఇనుము డిగ్రీకి 90 జౌళ్లు పట్టే లోహం, దానికి గ్రాము నీళ్లతో వచ్చే తప్పు 5 శాతం లోపే.

మూడోది గాలిలో చల్లారడం. అది కూడా తడి వల్లే ఎక్కువ. పొడి రాయి గ్లాసు దాకా వచ్చేలోపు ఒక డిగ్రీ పోగొట్టుకుంటుందేమో. తడి రాయి మీద నీళ్లు ఆవిరవుతూ రాయి వేడినే లాక్కుంటాయి. అర గ్రాము ఆవిరైతే 1,100 జౌళ్లు దాటి పోయాయన్నమాట, 200 గ్రాముల ఇనుము 12 డిగ్రీలు చల్లారినంత. ఇనుము తగ్గడానికి ప్రధాన కారణం ఇదే. గుడ్డతో తుడుద్దామంటారేమో, చల్లటి గుడ్డ కూడా వేడి తాగుతుంది.

మందు ఒకటే: లోహాన్ని నీళ్లలో వేయొద్దు. గుండ్లను పొడి పరీక్షనాళికలో పోసి, మూతికి దూది పెట్టి, నాళికను మరిగే నీళ్లలో నిలబెట్టండి. 15 నిమిషాలు ఉంచి, మూతి తీసి ఒక్క విసురులో గ్లాసులోకి ఒంపండి. రాయినైతే పొడి డబ్బాలో పెట్టి ఆ డబ్బాను మరిగే నీళ్లలో దించండి, రాయికి దారం ముందే కట్టి ఉంచండి. డబ్బా లోపలి గాలి వేడిని నెమ్మదిగా పంపుతుంది, అందుకే రాయికి అరగంట ఇచ్చి, డబ్బాలో కూడా ఒక థర్మామీటరు పెట్టి చదవండి. 100 అని రాసేయొద్దు. సముద్ర మట్టానికి 400, 500 మీటర్ల ఎత్తులో ఉన్న చోట నీళ్లు 98.5 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

పరిమాణాలు కూడా మార్చాలి. మీ పద్ధతిలో తప్పేమీ లేకపోయినా 30 డిగ్రీల 150 గ్రాముల నీళ్లలో 98 డిగ్రీల 200 గ్రాముల అల్యూమినియం వేస్తే నీళ్లు 15 డిగ్రీలు పెరుగుతాయి, ఇనుము వేస్తే 8.5, సీసం వేస్తే 2.7 డిగ్రీలే. ఒక్కో డిగ్రీకి గీతలున్న థర్మామీటరుతో 2.7ను చదివితే సగం గీత తప్పు చాలు, జవాబు 18 శాతం తారుమారు. సీసం 500 గ్రాములు, నీళ్లు 100 గ్రాములు తీసుకోండి, పెరుగుదల 9 డిగ్రీల దాకా వస్తుంది. నీళ్లను గది ఉష్ణోగ్రత కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా మొదలుపెడితే ముందు లోపలికి వచ్చే వేడి, తర్వాత బయటికి పోయే వేడి చాలావరకు చెల్లుకుంటాయి.

ఒక చిన్న సంగతి: కొట్టు తూకం రాళ్లకు అడుగున గుంట ఉండి, అందులో తూకం సరిచేయడానికి పోసిన సీసం ఉంటుంది. దానివల్ల వచ్చే తేడా కొంచెమే అయినా, కచ్చితంగా కావాలంటే మరలూ నట్లూ వాడండి. సీసం ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నానికి కూర్చోవాలి.

ప్రశ్న: మా కొలిమిల కొడవండ్లు ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచుతం. మొదటి నాలుగైదు మంచిగ పదునెక్కుతయి, తర్వాతయి మెత్తగనే ఉంటున్నయి. ఇనుము ఒక్కటే, బొగ్గు ఒక్కటే. ఏం తప్పు జరుగుతున్నది? – అచ్చంపేట

జవాబు: తప్పు కొలిమిలో లేదు, తొట్టిలో ఉంది. మీ తొట్టిలో 6 లీటర్ల నీళ్లున్నాయని రాశారు. 300 గ్రాముల కొడవలి 850 డిగ్రీల నుంచి దిగుతూ ఎంత వేడి వదులుతుందో చూద్దాం. ఇనుముకు 0.45 అన్న అంకె మామూలు ఉష్ణోగ్రతలకే. ఎర్రగా కాలినప్పుడు అది పెరుగుతుంది, 850 దాకా సగటు 0.65 వేసుకోవాలి. 300 × 0.65 × 800, అంటే లక్షా యాభై ఆరు వేల జౌళ్లు. 6 లీటర్ల నీళ్లు డిగ్రీకి 25 వేల జౌళ్లు పడతాయి. ఒక్కో కొడవలికి నీళ్లు 6 డిగ్రీలు ఎక్కుతాయి. వేసవిలో 34 డిగ్రీల నీళ్లతో మొదలుపెడితే ఐదో కొడవలి తర్వాత నీళ్లు 65 డిగ్రీలు. నాగలి కర్రు లాంటి కిలోన్నర ముక్క అయితే ఒక్కటే ఆ పని చేసేస్తుంది.

వేడి నీళ్లలో ముంచితే ఇనుము చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చాలాసేపు వీడదు. ఆ పొర ఉన్నంతసేపు నీళ్లు ఇనుమును తాకవు, చల్లారడం నెమ్మదిస్తుంది, పదును పట్టదు. చల్లటి నీళ్లలో ఆ పొర త్వరగా తెగుతుంది. ముంచినప్పుడు వచ్చే చప్పుడులోనే తేడా పట్టుకోవచ్చు. సర్రుమని మొదలై వెంటనే గట్టిగా బుడబుడలాడితే మంచిది. సన్నగా బుసకొడుతూ సాగితే నీళ్లు మార్చాలి.

200 లీటర్ల డ్రమ్ములో 150 లీటర్లు పోసుకోండి. కొడవలికి పావు డిగ్రీ కూడా పెరగదు, నలభై ముంచినా పది డిగ్రీలే. పది లీటర్లకు అర కిలో నుంచి కిలో ఉప్పు కలిపితే ఆవిరి పొర ఇంకా త్వరగా తెగుతుంది, కాకపోతే తర్వాత మంచి నీళ్లతో కడగకపోతే తుప్పు పడుతుంది. కొడవలిని నీళ్లలో నిలువుగా దించి కదిలిస్తూ ఉండాలి.

లారీ కమాన్ పట్టాల ఉక్కు వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. అదైతే నీళ్లలో పగుళ్లు వస్తాయి, నూనెలో ముంచాలి. నూనె విశిష్టోష్ణం 2 దగ్గర, నీళ్లలో సగం కూడా లేదు. 10 లీటర్ల నూనె ఒక్కో కొడవలికి 9 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 50, 60 డిగ్రీల నూనె పనికి బాగుంటుంది కానీ అక్కడి నుంచి ఇంకా పెరగనిస్తే అంటుకునే ప్రమాదం. ఇనుప డబ్బాలోనే పోయాలి, దానికి సరిపడే ఇనుప మూత చేతికి అందేలా ఉండాలి, ముక్కను సగం ముంచి ఆపకూడదు.

సరిపడా కాలిందా లేదా అన్నదానికి రంగు ఒక్కటే నమ్మొద్దు, ఎండలో రంగు మోసం చేస్తుంది. అయస్కాంతం పట్టడం మానేసిందంటే 770 డిగ్రీలు దాటినట్టు. ఇంకాస్త కాల్చి తీయండి. పదును పట్టాక సన్న సెగ మీద మళ్లీ గడ్డి రంగు వచ్చేదాకా, అంటే 220, 230 డిగ్రీలకు కాచి తీయకపోతే అంచు గాజులా పెళుసుగా విరుగుతుంది.

ప్రశ్న: రాగి బిందెలో నీళ్లు ఎండాకాలం చల్లగా ఉంటాయా? – మిర్యాలగూడ

జవాబు: ఉండవు. 2 కిలోల బిందె డిగ్రీకి 770 జౌళ్లు పడుతుంది, అందులోని 12 లీటర్ల నీళ్లు 50 వేలు. బిందె ఏ లోహమైనా ఆ లెక్కలో దాని మాట చెల్లదు. కుండలో చల్లదనం మట్టి సందుల్లోంచి ఊరి ఆవిరయ్యే నీళ్ల వల్ల వస్తుంది, రాగి ఊరదు.

ప్రశ్న: మాది ఇనుప రేకుల ఇల్లు. పగలు నిప్పులకొలిమే, కానీ రాత్రి ఎనిమిదికల్లా పక్కింటి స్లాబు కన్నా చల్లగా ఉంటుంది. – వనపర్తి

జవాబు: అర మిల్లీమీటరు మందం రేకు చదరపు మీటరుకు 4 కిలోలే, డిగ్రీకి 1,800 జౌళ్లు. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు, డిగ్రీకి 2,64,000 జౌళ్లు. దాదాపు 150 రెట్లు. పొద్దుగూకగానే రేకు దులుపుకుంటుంది, స్లాబు పగలు తాగింది అర్ధరాత్రి దాకా కక్కుతుంది. పగటి బాధకు రేకుకు తెల్లసున్నం వేయించండి, కింద గాలి ఆడే సందు వదిలి ఒక పొర కట్టించండి.

ప్రశ్న: పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి పోత పోస్తాం. అప్పుడప్పుడు రాగి కూడా. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగి 1,085కు. కిలోకు బొగ్గు సగమైనా తగ్గాలి కదా, అంత తగ్గట్లేదెందుకు? – సూర్యాపేట

జవాబు: కరిగే ఉష్ణోగ్రత ఎంత ఎత్తు ఎక్కాలో చెబుతుంది, ఆ దారిలో ఎంత వేడి తాగుతుందో చెప్పదు. కిలో అల్యూమినియం 660 దాకా ఎక్కడానికి సుమారు 660 కిలోజౌళ్లు, ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఘనం నుంచి ద్రవంగా మారడానికి మరో 397. మొత్తం వెయ్యి దాటింది. కిలో రాగికి ఎక్కడానికి 465, కరగడానికి 205, కలిపి 670 దగ్గర. కిలో లెక్కన రాగి కన్నా అల్యూమినియమే ఎక్కువ తాగుతుంది! అయినా మీకు రాగికే బొగ్గు ఎక్కువ పట్టడానికి కారణం, 1,085 డిగ్రీల కొలిమి గోడల్లోంచీ మూతిలోంచీ పారబోసే వేడి చాలా ఎక్కువ. సీసానికైతే కిలోకు 63 కిలోజౌళ్లు చాలు, కానీ దాని పొగ విషం, గాలి ఆడని చోట కరిగించకండి.

బొగ్గు నిజంగా ఎక్కడ పోతోందో మీ ఉత్తరంలోనే ఉంది: 10 కిలోల ఇనుప మూసలో (లోహం కరిగించే పాత్రలో) ఒక విడతకు 5 కిలోల అల్యూమినియం, రోజుకు రెండు విడతలు, మధ్యలో చల్లారబెడుతున్నారు. ఆ మూస 720 డిగ్రీలకు ఎక్కడానికే 4,000 కిలోజౌళ్లు తాగుతుంది, లోపలి అల్యూమినియం తాగేది 5,300. చల్లారిన ప్రతిసారీ ఆ 4,000 మళ్లీ కట్టాలి. రెండు విడతలూ వెంటవెంటనే పోయండి. మొదటి విడతలో అర కిలో ద్రవం అడుగున ఉంచి దానిలో గిన్నెలు వేస్తే త్వరగా కరుగుతాయి, ఎందుకంటే పలచటి రేకు మంటకు నేరుగా తగిలితే కరిగేలోపు బూడిదగా చిట్టెం కడుతుంది. గిన్నెలను సుత్తితో అణిచి ముద్దలు చేసి వేయండి. 750 దాటనివ్వకండి, అక్కడి నుంచి ద్రవం గాలిలోని తడి నుంచి హైడ్రోజన్ పీల్చి పోతలో బొక్కలు పెడుతుంది. ఇనుప మూస లోపల సున్నపు పూత లేదా బంకమన్ను పూత లేకపోతే కరిగిన అల్యూమినియం ఆ ఇనుమును తినేస్తుంది.

గిన్నెల మడతల్లో నీళ్లుంటే మాత్రం ఏ లెక్కా ఆదుకోదు. లీటరు నీళ్లు 1,700 లీటర్ల ఆవిరవుతాయి, ద్రవం కింద అది ఒక్క క్షణంలో జరిగి మూస మొత్తం ఎగజిమ్ముతుంది. ప్రతి ముక్కనూ, కలిపే గరిటెనూ, అచ్చునూ కొలిమి అంచున 150 డిగ్రీల దాకా కాచి, తడి పూర్తిగా పోయాకే వాడండి.